అప్రూవర్‌కు దక్కే క్షమాభిక్ష

నేరంలో చేయి ఉన్నవాడే క్షమాభిక్షకు బదులుగా ప్రభుత్వ పక్షాన సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంటే అతణ్ణి అప్రూవర్ అంటారు. భారతదేశంలో ఈ పద్ధతి పెద్దఎత్తున సాగింది 1830లలో, థగ్గుల వేటలో. బాటసారులతో స్నేహం కలిపి, మెడకు గుడ్డ బిగించి చంపే ఆ ముఠాలపై బయటి సాక్షులు దొరికేవారు కాదు. చూసినవాళ్లు చచ్చిపోయినవాళ్లే, లేదా చంపినవాళ్లే. అందుకే బ్రిటిష్ అధికారి విలియం స్లీమన్ పట్టుబడ్డ థగ్గుల చేతనే తోటివాళ్ల పేర్లు చెప్పించాడు, శవాలు పూడ్చిన చోట్లు చూపించేలా చేశాడు. నిజాం రాజ్యంలోనూ ఈ గాలింపు జరిగింది. అప్రూవర్లకు మిగిలింది ప్రాణమే గాని స్వేచ్ఛ కాదు. జబల్‌పూర్‌లో కాపలా మధ్య గుడారాలు కుట్టి, తివాచీలు నేసి బతికారు.

తన మెడ కాపాడుకోవడానికి ఎదుటివాణ్ణి ఇరికించడం ఎంత తేలికో చట్టం రాసినవారికి తెలుసు. 1872 సాక్ష్య చట్టంలో 133వ సెక్షన్ నేర భాగస్వామి సాక్ష్యం చెల్లుతుందంది. 114వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణ మాత్రం, ముఖ్యమైన విషయాల్లో వేరే ఆధారం తోడైతే తప్ప అతణ్ణి నమ్మదగినవాడిగా ఎంచనక్కర్లేదంది.

చట్టం ఇచ్చిన క్షమాభిక్ష సహచరుల పగ నుంచి కాపాడలేదు. బెంగాల్ విప్లవకారులపై నడిచిన అలీపూర్ బాంబు కేసులో నరేంద్రనాథ్ గోసాయిన్ అప్రూవర్‌గా మారాక అతణ్ణి జైల్లో యూరోపియన్ వార్డులో వేరుగా ఉంచారు. సహనిందితుడు సత్యేంద్రనాథ్ బోస్ జైలు ఆసుపత్రిలో చేరి, తానూ అప్రూవర్‌నవుతానని నమ్మబలికాడు. 1908 ఆగస్టు 31న గోసాయిన్ అతణ్ణి కలవడానికి వచ్చాడు. సత్యేంద్రనాథ్, మరో నిందితుడు కనాయిలాల్ దత్తా దొంగచాటుగా లోపలికి తెప్పించుకున్న రివాల్వర్లతో కాల్చారు. పరుగెత్తినా వదలక వెంటాడి చంపారు. ఇద్దరికీ ఉరి పడింది. క్రాస్ ఎగ్జామినేషన్ జరగకుండానే సాక్షి పోవడంతో మేజిస్ట్రేటు ముందు అతనిచ్చిన వాంగ్మూలం సెషన్స్ కోర్టులో పనికిరాలేదు. 1909 మేలో అదే కేసులో నిందితుడైన అరవింద ఘోష్ నిర్దోషిగా విడుదలయ్యారు.

నిందితుడికి రక్షణ ఆ 'వేరే ఆధారం' నియమమే. గాంధీ హత్య కేసులో దిగంబర్ బడ్గే అప్రూవర్. సహనిందితుడు సావర్కర్ గురించి అతను చెప్పిన మాటలకు స్వతంత్ర ఆధారం దొరకనందున 1949 ఫిబ్రవరిలో కోర్టు సావర్కర్‌ను విడిచిపెట్టింది. 1872 చట్టం స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ఈ నియమాన్ని నేర భాగస్వామి సాక్ష్యంపై ఉన్న సెక్షన్‌లోనే చేర్చింది.

క్షమాభిక్షకు షరతు ఒక్కటే: తెలిసినదంతా దాచకుండా చెప్పాలి. మాట తప్పాడని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ధ్రువీకరిస్తే అసలు నేరానికే అతనిపై విచారణ జరుగుతుంది, తానిచ్చిన వాంగ్మూలమే తనకు ఎదురుతిరుగుతుంది. షరతు నెరవేర్చానని ఆ విచారణలో వాదించుకునే హక్కు అతనికుంది, అది తేలితే విడుదల చేయాల్సిందే. అప్పటికే బెయిల్‌పై లేని అప్రూవర్‌ను విచారణ ముగిసేదాకా నిర్బంధంలో ఉంచాలన్న పాత నిబంధన నేటికీ మారలేదు. నేరం మోపబడ్డ తోటివాళ్లు బెయిల్‌పై బయట తిరుగుతుంటే, నిజం చెప్పడానికి ఒప్పుకున్నవాడు ఏళ్ల తరబడి జైల్లో ఉండటం అన్యాయమే. అలాంటి కొందరిని హైకోర్టులు తమ ప్రత్యేకాధికారాలతో విడుదల చేశాయి.