అవధానమున ధారణ: వరమా, విద్యయా?

పెనుకొండ యన్నంతనే మనవారు 1565వ సంవత్సరపు యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన దుర్గమునే తలంతురు. హిందూపురమునకు ఉత్తరమున నున్న ఆ పట్టణముననే అష్టావధాని ఆశావాది ప్రకాశరావుగారు నివసించి, 2022లో గతించిరి. తరతరములుగా చదువునకు దూరముగా నుంచబడిన దళితులలో 1944లో జనించి, వారు 170కి పైగా అవధానములు చేసిరి. 2021లో పద్మశ్రీ పురస్కారము నందిరి. ధారణ పూర్వజన్మసుకృతమనియు, కొన్ని కులముల సొత్తనియు పలుకువారు ఈ జీవితమునకేమి సమాధానము చెప్పుదురో!

అష్టావధానమున సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి మున్నగువాని పద్యములు ఒక్కమాఱుగా ముగియవు. ఒక్కొక్క యావృత్తమున ఒక్కొక్క పాదమే సాగును. నడుమ అప్రస్తుతప్రసంగి పరిహాసములు, గంట మ్రోతల లెక్క. తుదకు పద్యములన్నింటిని ఆమూలాగ్రముగ నప్పగింపవలెను. అదియే ధారణ.

ఇచ్చట ఛందస్సు చేయు సాయమును మనము తగినంతగా గుర్తింపలేదు. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. పదవ యక్షరమునకు మొదటిదానితో యతిమైత్రి. రెండవ యక్షరమున నాలుగు పాదములందును ఒకే హల్లు. కావున మఱచిన మాటకై మనస్సు నిఘంటువంతయు గాలింప నక్కఱలేదు. ఆ చోట నిలువదగిన మాటలు కొన్నియే. 1981లో రాయ్‌మేకర్స్, షిఫ్రిన్ అను పండితులు ప్రకటించిన గణిత నమూనాయందును సూచనలే జ్ఞాపకమును వెలికిదీయును. సూచనలు కలిసినకొలది వెదకుచోటు కుదియును.

అంతకుముందు, 1978లో, రోజర్ రాట్‌క్లిఫ్ మఱియొక లెక్క కట్టెను. ఒక మాట యెదుట బడినప్పుడు, ‘విన్నదే’, ‘విననిది’ అను రెండు హద్దుల నడుమ సాక్ష్యము తడబడుచు కూడుచుండును. ఏ హద్దు ముందు తాకిన నదియే నిర్ణయము. హద్దులు దగ్గఱైన జవాబు త్వరితము, తప్పులు మెండు. దూరమైన ఆలస్యము, తప్పులు తక్కువ. నిషిద్ధాక్షరిలో అక్షరమక్షరమునకు దారి మూయబడుచుండ, సభ యెదురుచూచుచుండ, అవధాని పడు ఇరకాటమును ఈ లెక్క మాకు తలపించుచున్నది.

ఈ నమూనాలు అవధానులను పరీక్షించి కట్టినవి కావు. మాటల పట్టికలను చూచి గుర్తుంచుకొన్న సామాన్యుల జవాబులకు కుదిర్చినవి. మాకు ముఖ్యమైనది ఇదియే: ఈ యంత్రాంగము అందఱి మనస్సులదియు.

ప్రకాశరావుగారు కళాశాలలలో తెలుగు బోధించిన ఉపాధ్యాయులు. నేటి తరగతులలో యతిస్థానమును గుర్తింపుడని మార్కుల ప్రశ్న వేయుదురు; ఆ యతిని పట్టుకొని మఱచిన పాదమును వెదకుమని విద్యార్థితో చెప్పువారు మాత్రము అరుదు.