రూటర్‌బెర్గ్

రూటర్‌బెర్గ్ జర్మనీ దేశములోని మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్ రాష్ట్రమునకు చెందిన ఒక చిన్న గ్రామము. ఇది ఎల్బే నది కుడి ఒడ్డున ఉన్నది. 2004 వరకు ప్రత్యేక పంచాయతీగా ఉండి, ఆ సంవత్సరము డోమిట్స్ పట్టణములో విలీనమైనది. జర్మనీ విభజన కాలమున రెండు కంచెల నడుమ బంధింపబడిన గ్రామముగా ఇది ప్రసిద్ధి చెందినది.

భౌగోళికము

చెక్ దేశములోని క్ర్కొనోషే పర్వతములలో పుట్టిన ఎల్బే సుమారు 1,094 కి.మీ. ప్రవహించి ఉత్తర సముద్రములో కలియును. ఈ నది ఒడ్డున ఎత్తైన గట్టుపై గ్రామము నెలకొని ఉన్నది. ఆవలి ఒడ్డు లోయర్ శాక్సనీ రాష్ట్రమునకు చెందినది. ఇచ్చటి బంకమట్టి వలన పూర్వము ఇటుకల పరిశ్రమ వర్ధిల్లినది. ఎల్బే నదీతీర ప్రాంతమును 1997లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా గుర్తించినది.

పేరు

గ్రామము పాత పేరు వెండిష్ వేనింగెన్-బ్రోడా. జర్మన్ భాషలో "వెండిష్" అను పదము స్లావ్ జాతులను సూచించును. 1938లో, నాజీల పాలనలో, ప్రస్తుత పేరు పెట్టబడినది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఈ గ్రామము సోవియట్ ఆక్రమిత ప్రాంతములోను, 1949 నుండి తూర్పు జర్మనీలోను భాగమైనది. సుమారు 94 కి.మీ. మేర ఎల్బే నదియే రెండు జర్మనీల సరిహద్దు. సరిహద్దు నది మధ్యలో ఉన్నదని తూర్పు జర్మనీ, తూర్పు ఒడ్డుననే ఉన్నదని పశ్చిమ జర్మనీ వాదించెడివి. ఈ వివాదము చివరి వరకు తెగలేదు. 1952లోను, 1961లోను ప్రభుత్వము నమ్మదగనివారని భావించిన అనేక కుటుంబములను సరిహద్దు ప్రాంతముల నుండి బలవంతముగా తరలించినది.

నది వైపున కంచె ఉండగా, 1967లో గ్రామమునకు వెనుక వైపున కూడ రెండవ కంచె నిర్మించిరి. రాకపోకలకు ఒకే గేటు ఉండెడిది. గ్రామస్థులు గుర్తింపు పత్రము చూపి లోనికి రావలెను. రాత్రి 11 గంటల నుండి ఉదయము 5 గంటల వరకు గేటు మూసి ఉంచెడివారు. ఆ వేళలో ఇల్లు చేరలేనివారు బయటనే ఉండిపోవలసి వచ్చెడిది. బయటివారికి ప్రవేశము లేదు. అందువలన జనాభా క్రమముగా తగ్గిపోయినది.

గ్రామ గణతంత్రము

1989 నవంబరు 8న జరిగిన గ్రామసభలో దర్జీ వృత్తి చేయు హాన్స్ రాజెన్‌బెర్గర్ గ్రామమును "గ్రామ గణతంత్రము"గా ప్రకటింపవలెనని ప్రతిపాదించెను. స్విట్జర్లాండులో పౌరులు సభలో కూడి నేరుగా నిర్ణయములు తీసికొను పద్ధతి ఇందుకు ఆదర్శము. సభకు వచ్చిన సుమారు 90 మంది దీనిని ఆమోదించిరి. మరునాడే బెర్లిన్ గోడ తెరువబడునని అప్పుడు ఎవరికిని తెలియదు. కొద్ది దినములలోనే గ్రామపు గేటు కూడ తెరచుకొన్నది. జర్మనీ ఏకీకరణము తరువాత, 1991 నుండి 2002 వరకు, "గ్రామ గణతంత్రము 1967-1989" అను పేరును సూచికలపై వాడుకొనుటకు గ్రామమునకు అనుమతి లభించినది.

దర్శనీయ స్థలములు

సమీపమునగల డోమిట్స్‌లో 16వ శతాబ్దపు ఐదు మూలల ఇటుక కోట ఉన్నది. రచయిత ఫ్రిట్స్ రాయ్‌టర్ 1839-40లో ఇచ్చట ఖైదీగా ఉండెను. 1945లో ధ్వంసమైన డోమిట్స్ రోడ్డు వంతెన స్థానములో 1992లో కొత్త వంతెన ప్రారంభమైనది. పాత రైలు వంతెన శిథిలములు పశ్చిమ ఒడ్డున నేటికిని కనిపించును.

ఇవి కూడా చూడండి

బెర్లిన్ గోడ
ఎల్బే నది
తూర్పు జర్మనీ