వ్రాతలో దాగిన వ్రాత

ఆకాశరామన్న యుత్తరమనగా నెట్టిదో మనలో నెఱుగనివారుండరు. పేరు లేదు, ఊరు లేదు. దస్తూరి మార్చి వ్రాసినది. తపాలా ముద్ర తప్ప మఱి యే యానవాలును లేదు. అసూయచే కలము పట్టిన ఆకాశరామన్నలు పెక్కుమంది గలరు, నిజమే. కాని పై యధికారి లంచములను బయట పెట్టగోరిన చిన్న గుమాస్తాకును, యజమాని యన్యాయమును చెప్పుకొనదలచిన కూలివానికిని ఆ పేరే శరణ్యము. టైపు యంత్రము వచ్చిన పిదప దస్తూరి బాధ తీఱినట్లు తోచెను. అయినను ప్రతి యంత్రమునకును అరిగిన యక్షరమో, ప్రక్కకు వంగిన యక్షరమో యుండును గనుక, అనుమానము గల యంత్రము చేతికి దొరకినచో ఉత్తరము దానిపై కొట్టబడినదో లేదో పరీక్షకులు చెప్పగలిగెడివారు. తరువాత కంప్యూటరు వచ్చెను. దాని యక్షరములు అరుగవు, వంగవు. లక్ష యంత్రములలోను ఒక్కటే రూపము. ఇక ఆకాశరామన్నను పట్టగలవాడెవ్వడని యనిపించు తరుణముననే, కంప్యూటరు పత్రము రచయిత యానవాలును తనంతట తానే లోపల వ్రాసికొన సాగెను. ఈ సంగతి లోకమునకు తెలిసివచ్చిన చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము.

1999 మార్చి నెలలో అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రవాసియగు రిచర్డ్ స్మిత్ అను ప్రోగ్రాము రచయిత దీనిని బయలుపఱచెను. ఆ దినములలో కార్యాలయములందు విరివిగా వాడబడుచుండిన మైక్రోసాఫ్టు వారి ఆఫీసు 97 తో ఒక పత్రమును వ్రాసినచో, తెరపై కానరాని సంఖ్య యొకటి ఫైలులో చేరుచుండెను. దానిని జి.యు.ఐ.డి. యందురు, భూమండలమున మఱి దేనికిని రాని గుర్తు అని దాని భావము. అది 128 బిట్ల సంఖ్య. అంకెలును అక్షరములును కలిపి 32 స్థానములలో వ్రాయుదురు. అందులో ముఖ్య భాగములు రెండు. మొదటిది కాలము. ఆ కాలమును లెక్కించు పద్ధతి కడు వింతయైనది. 1582 అక్టోబరు 15వ తేదీ మొదలుకొని ఎంత కాలము గడచినదో, సెకనులో కోటవ వంతు చొప్పున లెక్కింతురు. పదుమూడవ గ్రెగరీ పోపు పంచాంగమును సంస్కరించినపుడు అక్టోబరు 4వ తేదీకి మఱునాడు 15వ తేదీ యైనది. క్రొత్త లెక్కకు అదియే మొదటి దినము. రోమాపురి మతగురువు ఏర్పఱచిన తేదీ నాలుగు వందల యేండ్ల తరువాత ఒక గుమాస్తా వ్రాసికొన్న సెలవుచీటిలో దాగియుండుట చరిత్ర చదువువానికి ముచ్చట గొలుపక మానదు.

రెండవ భాగము అంత ముచ్చటైనది కాదు. నెట్‌వర్కు కార్డు గల కంప్యూటరులలో, చివరి 12 స్థానములు ఆ కార్డు సంఖ్యయే. కార్డును చేసిన కర్మాగారముననే దానికీ సంఖ్య వేయబడును. అందు మొదటి సగము చేసిన సంస్థను, రెండవ సగము ఆ కార్డును తెలుపును. మోటారుబండి యింజనుపై చెక్కిన సంఖ్య వంటిదన్నమాట. కనుక పేరు లేని రెండు పత్రములను ప్రక్క ప్రక్కన పెట్టి, ఒకే యంత్రమున పుట్టినవని చెప్పుట సాధ్యమయ్యెను. అంతటితో ముగియలేదు. విండోస్ 98 ను కొన్నవారు తమ పేరు నమోదు చేసికొనునపుడు, యంత్రపు వివరములు పంపవలదని చెప్పినను ఈ గుర్తింపు సంఖ్య మైక్రోసాఫ్టు వారికి చేరుచుండెనని స్మిత్ కనుగొనెను. పత్రములోని సంఖ్య యొక ప్రక్క, పేరుతో కూడిన సంఖ్య యింకొక ప్రక్క! రెంటిని కలుపువాడొకడు కావలె, అంతియే.

సంస్థవారు దుష్టసంకల్పముతో నిట్లు చేసిరని నేననను. యంత్రములు ఒకదాని వస్తువును మఱియొకదాని వస్తువుతో పొరబడకుండుటకు ఇట్టి సంఖ్య కావలసియే యుండును. అందుకు కార్డు సంఖ్య చేతికందినది. తప్పెక్కడనగా, వ్రాయువానికి చెప్పకపోవుటలో. మన పూర్వులు కూడ పత్రమున కర్త పేరు వ్రాసిరి. 1053 నాటి నందంపూడి శాసనమున నన్నయభట్టు పేరున్నది; కాని అది అందఱును చదువుటకు వ్రాసికొన్న పేరు. రహస్యము బయటపడిన పిమ్మట, ఆఫీసు 2000 లో ఈ సంఖ్యను చేర్చమనియు, పాత పత్రములనుండి దానిని తీసివేయు సాధనము నిత్తుమనియు, తమ భాండారమున చేరిన సంఖ్యలను తొలగింతుమనియు సంస్థవారు ప్రకటించిరి.

ఆ నెలాఖరుననే, మార్చి 26న, మెలిస్సా అను వైరస్ ఒక వర్డు పత్రమున దాగి లోకమును చుట్టివచ్చెను. పరిశోధకులు దానిలోని సంఖ్యను పట్టుకొని, మారుపేరుతో వైరస్‌లు వ్రాయు నొకని పాత పత్రములతో అది సరిపోలినదని చెప్పిరి. అయినను నిందితుడు దొరకుటకు ముఖ్యముగా తోడ్పడినవి అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ లెక్కలు. ఇచట నొక చిక్కు గమనింపదగినది. ఒకరు సృష్టించిన పత్రమును మఱియొకరు తెఱచి, మాటలన్నియు మార్చి వ్రాసికొన్నను, లోపలి సంఖ్య మొదటివారిదే. సంఖ్య చెప్పునది పత్రము పుట్టిన యింటిని. అందలి మాటలు పలికిన నోటిని గాదు. ఈ భేదమును మఱచిన పోలీసు చేతిలో నిరపరాధి గతి యేమగునో ఊహింపవచ్చును.

సామాన్యులకే కాక ప్రభుత్వములకు సైతము ఈ దాగిన వ్రాత తలవంపు తెచ్చినది. 2003 ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రధానమంత్రి కార్యాలయము ఇరాకు దేశమును గుఱించి యొక నివేదికను వర్డు పత్రముగా ఇంటర్నెట్టున నుంచెను. యుద్ధమునకు ప్రజలను ఒప్పించుటకై వెలువడిన పత్రమది; ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో దానిని ప్రశంసించెను. మఱునాడే, అందులో పెద్ద భాగము ఇబ్రహీం అల్ మరాషీ యను పరిశోధకుని వ్యాసమునుండి ఎత్తివ్రాసినదని కేంబ్రిడ్జి అధ్యాపకుడు గ్లెన్ రంగ్వాలా చాటెను. అచ్చు తప్పులతో సహా ఎత్తివ్రాసిరి! ఎవరు వ్రాసిరను ప్రశ్నకు పత్రమే జవాబు చెప్పినది. ఆ కాలపు వర్డు, పత్రమును చివర భద్రపఱచిన పదిమార్లకు సంబంధించిన పేర్లను, ఫైలు ఉంచిన చోట్లను గుట్టుగా దాచుకొనెడిది. మనకు పరిచితుడైన ఆ స్మిత్ మహాశయుడే దానిని విప్పి చదివెను. విదేశాంగశాఖ యుద్యోగి, ప్రధాని కార్యాలయపు పత్రికా విభాగమువారు మొదలగు నలుగురి పేర్లు బయటపడినవి. ఫ్లాపీపై నకలు తీసిన జాడ కూడ కనబడినది. జూన్ మాసమున పార్లమెంటు విదేశాంగ సంఘమువారు ప్రధాని ప్రచారాధికారి యగు అలెస్టర్ కాంబెల్‌ను పిలిచి ఈ నలుగురెవరని ప్రశ్నించిరి. వేహుల మాట కంటె ఒక ఫైలు సాక్ష్యము బలీయమైనది.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు విచిటా నగరమున 1974 మొదలు 1991 వఱకు పదిమందిని చంపిన హంతకుడొకడు, పత్రికలకును పోలీసులకును పేరు లేని యుత్తరములు వ్రాయుచు దొరకకుండెను. 2005 లో, ఫ్లాపీ పంపినచో దాని జాడ తీయగలరా యని వాడు పోలీసులనే యడిగెను. భయము లేదని వారు పత్రికా ప్రకటన ద్వారా బదులిచ్చిరి. వాడు నమ్మి ఫిబ్రవరి 16న ఒక టెలివిజను కేంద్రమునకు ఫ్లాపీ పంపెను. అందు చెఱిపివేసిన వర్డు పత్రమొకటి మిగిలియుండెను. దానిలో ఒక చర్చి పేరును, చివర సవరించినవాని పేరుగా ‘డెన్నిస్’ అనియు నుండెను. ఆ చర్చి సంఘమునకు డెన్నిస్ రేడర్ అధ్యక్షుడు. తొమ్మిది దినములలో వాడు కటకటాల పాలయ్యెను. వానికై కన్నీరు కార్చువాడెవడును లేడు, నేనును కాదు. కాని ఆ ఫ్లాపీకి హంతకుడును, లంచమును గుఱించి వ్రాసిన గుమాస్తాయు వేఱు కారు. ఎవరి పేరున్న నది చెప్పివేయును. పోలీసు చేతిలో పడిన పత్రము న్యాయమునకు తోడ్పడవచ్చును. లంచగొండి చేతిలో పడినచో అదే గుమాస్తా ఉద్యోగమునకు, ఒక్కొక్కచోట ప్రాణమునకు, ముప్పు.

దాగునవి పేర్లు మాత్రమే కావు. పాత వర్డులో ‘వేగముగా భద్రపఱచుట’ యను నేర్పాటుండెను. దాని ప్రకారము కొట్టివేసిన మాటలు ఫైలునుండి పోవు. మార్పులు మాత్రము చివర చేరును. కొట్టివేసితిమని మనము నిశ్చింతగా నుందుము, పత్రము మఱచిపోదు. 2004 లో ఎస్.సి.ఓ. అను సంస్థ ఒక మోటారు కంపెనీపై వేసిన దావా పత్రమును విప్పి చూడగా, మొదట దావా వేయదలచినది బ్యాంక్ ఆఫ్ అమెరికా పైనని తెలిసినది! పి.డి.ఎఫ్. గా మార్చినచో చాలునను నమ్మకమును 2005 లో వమ్మైనది. ఇరాకులో ఇటలీ అధికారి మరణముపై అమెరికా సైన్యమువారు వెలువరించిన నివేదికలో నల్లని పట్టీల క్రింద దాచిన మాటలను, నకలు తీసి వేఱొక పుటపై నతికించి ఎవరైనను చదువగలిగిరి.

2007 నుండి వర్డు పత్రముల స్వరూపము మాఱినది. డాక్స్ అను తోక గల ఫైలు నిజమునకొక జిప్ మూట. తోకను జిప్ అని మార్చి విప్పినచో లోపలి చీటీలన్నియు చదువవచ్చును. నా ప్రసంగ పత్రమునే యొకదాని నిట్లు విప్పి చూచితిని: వ్రాసినవాని పేరు, చివర సవరించినవాని పేరు, ఎన్నిమార్లు భద్రపఱచినది, మొత్తమెన్ని నిమిషములు పని జరిగినది, అన్నియు వరుసగా నున్నవి. వీనిని తొలగించుటకు వర్డులోనే ‘డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్’ అను సాధనము కలదు; బయటికి పంపు ముందు దాని నొకమారు నడుపుట మేలు. భద్రపఱచిన ప్రతిమారును చేరు యాదృచ్ఛిక సంఖ్యలు వేఱుగ నున్నవి. అవి పేరు చెప్పవు గాని, రెండు పత్రములు ఒకే మూలమునుండి వచ్చినవని తెలుపగలవు. వాని నాపుటకు ట్రస్ట్ సెంటరులో నొక మీట గలదు. మనము వెదకి ఆపుదాక అవి చేరుచునే యుండును.

కాగితముపై అచ్చొత్తి తపాలాలో పంపిన నేమి యని కొందఱడుగవచ్చును. రంగుల లేజరు ప్రింటరులు పెక్కు, కాగితమంతటను కంటికానని పసుపు చుక్కలను వేయును. 2005 లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు జెరాక్స్ డాక్యుకలర్ యంత్రపు చుక్కలను చదువగా, అందు ప్రింటరు వరుససంఖ్యయు, అచ్చొత్తిన తేదీయు, గంటయు, నిమిషమును దొరకినవి. నీలి దీపపు వెలుతురులో భూతద్దము పట్టి చూచినచో ఆ చుక్కలు నల్లగా కనబడును.