రేజరు వయసు నంబరులో ఉందా?

ఇంగ్లండ్‌లో తయారైన పాత సేఫ్టీ రేజరు దొరికితే సేకర్తలు ముందు భూతద్దం అందుకుంటారు. బ్లేడు బిగించే పలక మీదో, పిడి అడుగునో, డబ్బా మూత లోపలో ఏవో అంకెలు కనిపిస్తాయి. వాటిని ఓ పట్టికతో పోల్చి చూసి, ‘ఇది ఫలానా ఏటిది’ అని తేల్చేస్తారు. ఆ ఒక్క మాటతో ధర కూడా పెరిగిపోతుంది. కానీ బ్రిటిష్ రేజర్ల మీద కనిపించే అంకెల్లో చాలావరకు సీరియల్ నంబర్లే కావు.

సీరియల్ నంబరు మోజు అసలు అమెరికాది. బోస్టన్‌లో కింగ్ క్యాంప్ జిలెట్ 1903లో అమ్మకాలు మొదలుపెడితే ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ధర 5 డాలర్లు, అప్పట్లో మామూలు కార్మికుడికి చిన్న మొత్తం కాదు. ఆ తొలి రోజుల రేజర్లకు ఒక్కోదానికీ ఒక్కో నంబరు కొట్టేవారు. జిలెట్ 1905లోనే లండన్‌లో అమ్మకాల ఆఫీసు తెరిచాడు. అందువల్ల ఇంగ్లండ్‌లో దొరికిన ప్రతిదీ ఇంగ్లండ్‌లో పుట్టిందని అనుకోకూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ రేజరు మూడు ముక్కలుగా విడిపోతుంది. వందేళ్లలో పైపలక ఒకరిది, పిడి ఇంకొకరిది అయి ఉండొచ్చు. నంబరు చెప్పేది అది ఉన్న ముక్క వయసే తప్ప మొత్తం రేజరు వయసు కాదు.

బ్రిటిష్ సరుకు మీద ‘ఆర్‌డి నం.’ అని కనిపిస్తే మాత్రం సంతోషించాలి. అది రిజిస్టరు చేయించిన డిజైన్ నంబరు. 1884లో ఒకటితో మొదలైన ఈ వరుస రేజర్లకే కాదు, కప్పులకూ సాసర్లకూ కూడా ఒకటే. 1890 మొదటికి 1,41,273కి, 1900 మొదటికి 3,51,202కి చేరింది. 1930 వచ్చేసరికి ఏడున్నర లక్షలు దాటింది. కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు వేసుకున్న నంబరు కాదు, ప్రభుత్వ కార్యాలయం ఇచ్చింది. అందుకే నమ్మకంగా చదవొచ్చు. అయితే అది డిజైన్ నమోదైన తేదీని చెబుతుందే గాని, మీ చేతిలోని రేజరు ఫ్యాక్టరీ గడప దాటిన రోజును చెప్పదు. అదే డిజైన్‌ను, అదే నంబరుతో, ఏళ్ల తరబడి తయారు చేస్తూ ఉండొచ్చు. ‘అంతకు ముందుది కాదు’ అన్నంతవరకే దాని సాక్ష్యం. ధర పెంచాలనుకున్న వ్యాపారి మాత్రం ఆ తేదీనే పుట్టినరోజు చేసేస్తాడు.

పేటెంటు నంబరు సంగతీ ఇంతే, కాకపోతే అందులో ఒక మంచి గుర్తుంది. 1915 వరకు బ్రిటన్‌లో పేటెంటు నంబర్లు ఏటేటా మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి. అందుకే నంబరు పక్కన గీత పెట్టి సంవత్సరం కూడా వేసేవారు. 1916లో పద్ధతి మార్చి 1,00,001 నుంచి ఆగకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కాబట్టి ఏడాది లేకుండా ఆరంకెల బ్రిటిష్ పేటెంటు నంబరు ఉంటే అది 1916కు ముందుది కానే కాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం బోగస్ కబుర్లు వీగిపోతాయి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి రేజర్ల మీద బాణం గుర్తు కనబడితే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు. పక్కన ఏడాది కూడా ఉంటే అదృష్టమే. తమాషా ఏమిటంటే, 1916 అక్టోబరు దాకా బ్రిటిష్ సైనికుడు గడ్డం గీసుకోవాలి గాని పై పెదవి జోలికి పోకూడదు, అది నిబంధన. దాన్ని ఎత్తేస్తూ ఆదేశమిచ్చిన జనరల్ నెవిల్ మెక్రెడీకి తన మీసమంటేనే గిట్టేది కాదు.

నంబరుకు విలువ తెచ్చేది దాని వెనకున్న చిట్టా. విల్కిన్సన్ కంపెనీ కత్తులనే తీసుకోండి. 1854 నుంచి వాటి మీద వేసిన నంబర్లను పుస్తకంలో రాసి పెట్టారు. ఆ పుస్తకాలు మిగిలాయి కాబట్టి ఒక కత్తి ఏ ఏటిదో, చాలాసార్లు ఎవరు కొన్నారో కూడా ఈనాటికీ చెప్పగలరు. అదే కంపెనీ 1898లో సేఫ్టీ రేజర్లలోకి దిగింది. కత్తి నంబరు చెప్పినంత కథ రేజరు మీది అంకె చెబుతుందని ఆశిస్తే నిరాశే.

లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో తయారైన రోల్స్ రేజరుది వేరే దారి. డబ్బా ఒక మూతలో సానరాయి, రెండో మూతలో తోలుపట్టీ. పిడిని అటూ ఇటూ ఆడిస్తే బ్లేడు దానంతటదే పదునెక్కుతుంది. దాని వయసు తేల్చడానికి మోడల్ పేరు, డబ్బా, లోపలి కాగితాలు ఎక్కువ పనికొస్తాయి. కంపెనీ వ్యాపారి జాన్ బ్లూమ్ చేతిలోకి వెళ్లి, వాషింగ్ మెషీన్లు అమ్మి, 1964లో కుప్పకూలింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జిలెట్లలో అక్షరం, పక్కన అంకె ఉండే గుర్తులు కనిపిస్తాయి. అమెరికా పద్ధతిలో అక్షరం ఏడాదికి, అంకె మూడు నెలల భాగానికి. ‘ఏ’ అంటే 1955. కానీ లండన్ శివారు ఐజిల్‌వర్త్‌లో, గడియార స్తంభంతో 1930ల్లో కట్టిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరుకుకు ఆ పట్టికను కళ్లు మూసుకుని అంటగట్టకూడదు. ఆ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది, భవనం మాత్రం నిలిచే ఉంది.

మన ఇళ్లలోనూ తాతల ట్రంకు పెట్టెల్లో ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ రేజర్లు అక్కడక్కడా ఉంటాయి. మీకు దొరికితే ముందు లోపల పాత బ్లేడు ఉందేమో చూసి జాగ్రత్తగా తీయండి. మెరిపిద్దామని చింతపండుతోనో పొడితోనో రుద్దకండి, పూతతోపాటు అంకెలూ అరిగిపోతాయి. డబ్బానూ కాగితాలనూ పారేయకండి. ప్రతి ముక్క మీది రాతనూ విడివిడిగా ఫొటో తీసుకుని, ఆ తర్వాతే వయసు సంగతి ఎవరినైనా అడగండి.