మన డాబా మీది ఎండ: సోలార్ కరెంటు కథ

ఈ మధ్య క్యాంపులో ఎవరికి ఊరి నుంచి ఫోను వచ్చినా ఇదే మాట. "డాబా మీద సోలార్ పెట్టిస్తే కరెంటు బిల్లే ఉండదట, డబ్బు పంపుతావా?" పంపాలా వద్దా అని తేల్చుకునే ముందు ఈ పలకలు మన ఊరి దాకా ఎలా వచ్చాయో తెలుసుకుందాం.

వెలుతురు తగిలితే కరెంటు పుడుతుందని 1839లోనే ఫ్రాన్సు దేశస్థుడు ఎడ్మండ్ బెకెరెల్ కనుగొన్నాడు. పనికొచ్చే సోలార్ సెల్ రావడానికి మాత్రం వందేళ్లు దాటింది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో దాన్ని తయారు చేశారు. మీద పడిన ఎండలో నూటికి 6 వంతులే కరెంటయ్యేది. ధరేమో మామూలు మనిషి వినలేనిది. అందుకే అది ముందు ఇళ్లకు కాక ఆకాశానికి వెళ్లింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో వాడారు.

దాన్ని నేలకు దించడంలో మనం పనిచేసే ఈ గల్ఫ్‌కూ పాత్ర ఉంది. 1973లో అరబ్ దేశాలు అమెరికాతో పాటు కొన్ని దేశాలకు చమురు ఆపాయి. కొద్ది నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది. ఆ చమురు డబ్బుతోనే ఇక్కడ రోడ్లు, మేడలు లేచాయి, మన వాళ్లకు వీసాలు వచ్చాయి. చమురు కొనే దేశాలేమో ఎండ వైపు చూశాయి. వాట్‌కు 100 డాలర్లున్న సెల్ ధర ఆ రోజుల్లోనే 20 డాలర్లకు దిగింది. మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో తొలి సోలార్ సెల్ తయారు చేసింది.

ఇళ్ల మీదికి ఎక్కించింది జర్మనీ, జపాన్. జర్మనీ 1990లో వెయ్యి ఇళ్లతో, 1999లో లక్ష ఇళ్ల లక్ష్యంతో పథకాలు పెట్టింది. 1994లో జపాన్ ఇళ్లకు సబ్సిడీ ఇచ్చింది. 2000లో జర్మనీ చట్టం చేసి, ఇంటి సోలార్ యూనిట్‌కు 20 ఏళ్లు ఖాయమైన ధర ఇచ్చింది. గిరాకీ పెరిగింది, చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి. 2024 నాటికి అక్కడ పలక ధర వాట్‌కు పావు డాలరు కంటే తక్కువ. చమురు దేశాలూ ఆగలేదు. 2015లో దుబాయ్ ఇళ్ల మీద పలకలకు అనుమతిచ్చింది. 2019లో అబుదాబి 1,177 మెగావాట్ల కేంద్రం నడిపించింది.

మన దేశంలో జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైంది. 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ల లక్ష్యంతో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా సబ్సిడీ నిర్ణయించారు.

ఇక మన ఇంటి లెక్క. 1 కిలోవాట్‌కు నీడ పడని 100 చదరపు అడుగులు కావాలి. రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 వస్తాయి. ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ ఉండి నెలకు 300 యూనిట్లు కాలితే 2, 3 కిలోవాట్లు పెట్టడం న్యాయమే. అమ్మానాన్న ఇద్దరే ఉండి, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ నడిస్తే మిగిలేది తక్కువ. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. బిల్లే లేని ఇంట్లో సోలార్ ఏం ఆదా చేస్తుంది?

ఇంకో సంగతి. బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. ఇది తెలియక పెట్టించి బాధపడే వాళ్లున్నారు. పలకలకు 25 ఏళ్ల వారంటీ ఉన్నా ఇన్వర్టర్ అంతకాలం రాదు. సబ్సిడీ బిగించాకే ఖాతాలో పడుతుంది. మీటరు ఎవరి పేరున ఉందో, అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలాయో లేదో ముందే చూసుకోవాలి.

వీసా అప్పే తీరని వాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పలకలు కొనకూడదని మా మాట. ముందు గడిచిన 12 నెలల కరెంటు బిల్లుల ఫొటోలు ఇంటి నుంచి తెప్పించుకోండి. క్యాంపులో నలుగురు కూర్చుని లెక్క వేయండి. ఎండ ఎక్కడికీ పోదు, డబ్బు మాత్రం పంపితే పోయినట్టే.