టర్బో వెంటిలేటర్ మార్పిడి
రేకుల షెడ్డు పైకప్పు మీద గాలికి తిరిగే గుండ్రటి పంకాను తీసి కొత్తది బిగించే పని. హైదరాబాద్‌లో మూసాపేట, బాలానగర్, సనత్‌నగర్ వైపు పారిశ్రామిక షెడ్లపై ఇవి కనిపిస్తాయి. కరెంటు అక్కర్లేదు, గాలి ఆడని రోజున మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. తరచూ పాడయ్యేది బేరింగు: ముందు కీచుమంటుంది, తర్వాత పట్టేస్తుంది. మరలు విప్పి పంకాను దించడం తేలికే. అసలు పనితనమంతా కింది బేస్ ప్లేటు దగ్గర ఉంది. దాని పై అంచు ఎగువ రేకు కిందికి దూరాలి, లేకుంటే వాన నీరు లోపలికి దిగుతుంది. పాత సీలెంటును పూర్తిగా గీకి, తడి ఆరాకే కొత్తది పూయాలి. సిమెంటు రేకులపై నేరుగా కాలు పెట్టకండి. పలకలు పరచి, సేఫ్టీ బెల్టు కట్టుకునే ఎక్కండి.