దిగువ కృష్ణా డెల్టాలో మత్తు, మద్యనిషేధం, యువత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మద్యం ప్రభుత్వానికి రాబడిగా, గీతవృత్తిదారులకు జీవనాధారంగా, సంస్కర్తలకు ఉద్యమాంశంగా ఉంటూ వచ్చింది. ఈ మూడింటి నడుమ యువత స్థానం మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అబ్కారీ, గీతవృత్తి, మద్యనిషేధం, గంజాయి, యువత.

1. ఉపోద్ఘాతం:
యువతలో మత్తు అలవాట్లను గురించిన చర్చ సాధారణంగా నైతికపతనంతో మొదలవుతుంది. ఏ మత్తు అందుబాటులో ఉంది, దానిని ఎవరు అమ్ముతున్నారు, లాభం ఎవరికి చేరుతోంది అనే ప్రశ్నలకు ఆ చర్చలో చోటు తక్కువ. వీటికి సమాధానం చరిత్రలో వెతకాలి.

2. అబ్కారీ విధానం - జాతీయోద్యమం:
1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కల్లు, సారాలను ప్రభుత్వ ఆదాయవనరులుగా స్థిరపరిచింది. తాటిచెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట అమల్లో ఉండేవి. 1902లో ‘కృష్ణాపత్రిక’, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసిన మచిలీపట్నం జాతీయోద్యమానికి ముఖ్యకేంద్రమైంది. 1921 సహాయనిరాకరణలో కల్లు దుకాణాల పికెటింగు ప్రధాన కార్యక్రమం. చదువులు విడిచిన విద్యార్థులు స్వచ్ఛందసేవకులయ్యారు. 1931 గాంధీ-ఇర్విన్ ఒడంబడిక శాంతియుత పికెటింగును అనుమతించింది. అప్పటి ఉద్యమభావనలో యువకుడు దుకాణం ముందు నిలిచి తాగవద్దని బతిమాలే కార్యకర్త.

3. నిషేధం - గీతకార్మికుడు:
రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో ప్రారంభించిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. దీనితో తాటిచెట్టును నమ్ముకున్న గీతకార్మికుల ఉపాధి పోయింది. మరోవైపు దొంగచాటు సారాకు గిరాకీ పెరిగింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సూచించింది. గౌతు లచ్చన్న గీతకార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. ఈ వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపని నిషేధం నిలవదని ఈ ఘట్టం తెలియజేస్తుంది.

4. సారా ప్యాకెట్లు - సంపూర్ణ నిషేధం:
గుడివాడ సమీపంలోని నిమ్మకూరులో జన్మించి, 1983, 1985 ఎన్నికలలో గుడివాడ నుంచి గెలిచిన ఎన్.టి.రామారావు పాలనలో ‘వారుణి వాహిని’ పేరిట సారా ప్యాకెట్లు పల్లెలకు చేరాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన మహిళల ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధాన్ని అమలుచేసినదీ రామారావు ప్రభుత్వమే. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానిని సడలించింది. రాబడి అవసరం, సంస్కరణ వాగ్దానం ఒకే నాయకుని పాలనలో ఒకదాని వెంట ఒకటి కనిపించడం గమనార్హం. ఈ ఉద్యమానికి తల్లులు, భార్యలు నాయకులు. 1921లో ముందువరుసన ఉన్న విద్యార్థి ఇక్కడ పక్కకు జరిగాడు.

5. గంజాయి - మారిన స్వరూపం:
గంజాయి డెల్టా పంట కాదు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో సాగై, రహదారుల మీదుగా పట్టణాలకు చేరుతుంది. కల్లు దుకాణం ఊరందరికీ కనిపించేది, కాబట్టే పికెటింగు సాధ్యమైంది. చేతులు మారే చిన్న పొట్లానికి దుకాణం లేదు, అమ్మేవాడు తోటి విద్యార్థే కావచ్చు. కనుక పాత ఉద్యమరూపం ఇక్కడ పనిచేయదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షను వినియోగదారుని శిక్షిస్తుంది. 64-ఎ సెక్షను, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరునికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. 2024లో రాష్ట్రం ‘ఈగల్’ దళాన్ని ఏర్పరచి, 1972 నంబరుతో సహాయకేంద్రాన్ని నడుపుతోంది. పట్టుబడితే చదువు పోతుందన్న భయం బలంగా ఉన్నచోట రెండో సెక్షను కాగితానికే పరిమితమవుతుంది.

6. ముగింపు:
ఒక శతాబ్దకాలంలో డెల్టా యువకుడు ఉద్యమకార్యకర్త స్థానం నుంచి నిందితుడు లేదా రోగి స్థానానికి చేరాడు. మద్యం నుంచి రాబడి పొందుతూనే యువతకు నీతిని బోధించే ప్రభుత్వవైఖరికి అబ్కారీ కాలంనాటి మూలాలున్నాయి. కళాశాలలు 64-ఎ సెక్షనును విద్యార్థులకు తెలియజేసి, చికిత్సకు వచ్చినవారి చదువును కాపాడే ఏర్పాటు చేయాలి. ఎక్సైజ్ దస్త్రాలను, ‘కృష్ణాపత్రిక’ పాత సంచికలను, దివిసీమ గీతకార్మికుల మౌఖికచరిత్రను కలిపి చదివే పరిశోధన జరిగితే ఈ చిత్రం మరింత స్పష్టమవుతుంది.